చివరి చెయ్యి

మా బావ లారీ కంపెనీని వెతుక్కున్నంత జాగ్రత్తగా మా నాన్న మా అక్కకు సంబంధం వెతకలేదు. ఈ మాట నేను బావ ముఖం మీదే అనేదాన్ని. ఆయన నవ్వి, "అందుకేగా మీ అక్క ఇలా ఇరుక్కుపోయింది" అనేవాడు. ఇప్పుడు ఆ హాస్యం ఆడే ధైర్యం నాకు లేదు, నవ్వే ఓపిక ఆయనకు లేదు.

బావ మొదట సిటీ బస్సు డ్రైవరు. నేను బడికి వెళ్లే రోజులనుంచీ ఆయనది ఒకే రూటు. దిగే ప్రతి మనిషికీ "పదిలం" అని చెప్పేవాడు. కర్ర పట్టుకున్న ముసలివాళ్లకీ, చంటిపిల్లల తల్లులకీ, బస్సు ఆగకముందే చెంగున దూకే కుర్రాళ్లకీ అదే మాట. పోనుపోను రూటంతా ఆయన్నే పదిలం అని పిలవడం మొదలుపెట్టింది. వెనక తలుపు సరిగా పడకపోతే కండక్టరుకు చెప్పి ఊరుకోడు. సీట్లోంచి లేచి, జనం మధ్యలోంచి తోసుకుంటూ వచ్చి, తన చేత్తో వేసి వెళ్లేవాడు. ఆయన చెయ్యి అలాంటిది. సగంలో వదిలేసింది ఏది కంటబడినా ఊరుకోదు. మా ఇంటికొస్తే కారుతున్న కుళాయి బిగించకుండా మంచినీళ్ల గ్లాసు కూడా అందుకునేవాడు కాదు.

జుట్టు సగం నెరిశాక ఆ రూటు ఎత్తేశారు. కొన్నాళ్లు ముఖం వేలాడేసుకొని ఇంట్లో కూర్చున్నాడు. అక్క గిన్నెల చప్పుడు రోజురోజుకీ పెరిగింది. చివరికి ఒకరోజు నా కొట్టుకొచ్చి, "బల్లబండి తోలుతాను" అన్నాడు.

నాది టార్పాలిన్లు కుట్టే కొట్టు. లారీ యార్డులన్నీ మా వీధిలోనే ఉన్నాయి. బోర్డుల మీద ఫ్లాట్‌బెడ్ అని రాసుకుంటారు గానీ మేమంతా బల్లబండి అనే అంటాం. పక్కగోడలుండవు, పైకప్పుండదు. చక్రాల మీద పొడుగాటి బల్ల, అంతే. దాని మీద ఇనప దూలాలు, సిమెంటు గొట్టాలు, కలప దుంగలు, ఏదైనా ఎక్కిస్తారు. ఎక్కించినదాన్ని పట్టి ఉంచేవి బెల్టులూ గొలుసులే. తడవకూడని సరుకైతే పైన పట్టా కప్పుతారు. గాలికి చిరిగిన ఆ పట్టాలే నాకు కూడు పెడుతున్నాయి.

ఈ పనిలో కొత్తవాడికి మొదటి ఏడాదే ప్రాణం. సరుకు పడకుండా ఏడాది గడిచిందా, ఏ కంపెనీ అయినా రా రమ్మంటుంది. ఆ ఏడాదిలో ఒక్కసారి పడిందా, వీధి వీధంతా తలుపులు వేసుకుంటుంది. పాత డ్రైవరు సరుకు పడితే దురదృష్టం అంటారు, కొత్తవాడి సరుకు పడితే చేతకానితనం అంటారు. బావ వయసులో ఆ ముద్ర పడితే ఇక ఎక్కడా చెరుపుకోలేడు. అందుకే మొదట ఏ కంపెనీలో చేరాలన్నది ఆయనకు తాడో పేడో తేల్చుకునే సంగతి అయింది.

వీధి మొదట్లో ఉన్నది అందరికంటే పెద్ద కంపెనీ. అద్దాల గది, గదిలో చల్లగాలి, గుమ్మంలో తళతళలాడే కొత్త బండి. కొత్తవాళ్లను చేర్చుకోవడానికి ఒకాయన ఉండేవాడు. మేం తేనెనోటాయన అనేవాళ్లం. తోడుగా నన్నూ లాక్కెళ్లాడు బావ.

"రండి సార్, కూర్చోండి సార్. బస్సు నడిపిన చేతులంటే బంగారం సార్!" అంటూ తేనెనోటాయన అరచేతిలో వైకుంఠం చూపించాడు. మెత్తటి సీటు, వెనక పడుకోవడానికి పరుపు, పాటలు. రేపే తాళాలిచ్చేస్తానన్నాడు.

బావ అన్నీ విని, "సరుకు ఎవరు కడతారండీ?" అని అడిగాడు.

"అబ్బే, మీకా శ్రమ ఎందుకు సార్? యార్డులో మనుషులున్నారు. కట్టి ఇచ్చేస్తారు. మీరు హాయిగా నడుపుకోవడమే."

"నాకు కట్టడం ఎవరు నేర్పుతారు?"

"నడుపుతూ ఉంటే అదే వస్తుంది సార్."

బయటికొచ్చాక నేను ఆ పరుపును తలుచుకొని, "బావా, అక్కను కూడా అందులోనే పడుకోబెట్టొచ్చు, ఇల్లు ఖాళీ చేసేయ్" అన్నాను. ఆయన నవ్వలేదు. "వేరేవాళ్లు కట్టిన ముడిని నమ్ముకొని నేను బండి నడపాలా?" అన్నాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు తంతు. కాళ్లరిగేలా తిరిగాడు. బోర్డులు చూడడు, బండ్ల రంగులు చూడడు. గేటు బయట నిలబడి, పని మానేసి వెళ్లిపోయే డ్రైవర్లను ఆపి, ఎందుకు మానేశావని అడిగేవాడు. పిల్లను చూడటానికి వెళ్లి పక్కింటివాళ్లను ఆరా తీసే పెద్దమనిషిలా ఉండేది ఆయన వాలకం. లోపలికి రానిస్తే నేరుగా బెల్టులు వేలాడదీసే గోడ దగ్గరికే వెళ్లేవాడు. అంచులు చీలిపోయిన బెల్టులు ఇంకా వాడకంలో ఉంటే అటునుంచి అటే బయటికి. సాయంత్రం నా కొట్టుకొచ్చి, కుట్టడానికొచ్చిన పట్టాలు తిరగేసేవాడు. ఇది ఎవరిది, ఇన్నాళ్లూ చిరుగు పెట్టుకొని ఎందుకు తిరిగారు అని నన్ను చెవిలో జోరీగలా తినేసేవాడు.

"నీ పెళ్లిచూపులు ఎప్పటికి అవుతాయి బావా?" అంటే, "నాకు రెండో పెళ్లి చేసుకునే వయసు లేదు మరదలా, మొదటిదే సరిగ్గా కుదరాలి" అనేవాడు.

కుదిరింది. వీధి చివర ఒక పాత కంపెనీ. బండ్లు పాతవే, లోపల కూర్చుంటే ఎండకు ఉడికిపోవాలి. అక్కడ కట్టు నేర్పేది ఒక ముసలాయన. అందరూ ఆయన్ను మేస్త్రి అంటారు. పలకరింపులూ గిలకరింపులూ లేవు. బావను ఒక బల్లబండి దగ్గరికి తీసుకెళ్లి, దాని మీదున్న దూలాలు చూపించి, "కట్టు" అన్నాడు. బావ చెమటలు కక్కుతూ కట్టాడు. మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, "విప్పు" అన్నాడు. బావ విప్పాడు. మళ్లీ కట్టు, మళ్లీ విప్పు. వారాల తరబడి బండి గేటు దాటలేదు. అరచేతులు పొక్కిపోయి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు. అక్కకు ఒళ్లు మండిపోయింది.

"మీకేం ఖర్మండీ? అక్కడ సార్ సార్ అని నెత్తిన పెట్టుకుంటుంటే ఇక్కడికొచ్చి ఆ ముసలాయన చేత మాటలు పడతారా?"

"మాటలెక్కడ పడ్డానే? ఆయనకు రెండే మాటలొచ్చు" అన్నాడు బావ. చాలా సంతోషంగా ఉన్నాడు.

ఆ యార్డు గోడ మీద నిలువెత్తు అక్షరాలతో ఒక నియమం రాసి ఉంటుంది. "చివరగా చెయ్యి వేసినవాడిదే సరుకు." అంటే అక్కడ డ్రైవరే కట్టుకోవాలి. అతని కట్టును ఇంకొకడు ముట్టకూడదు. వదులుగా కనిపిస్తే కట్టినవాణ్ని పిలిచి చూపించాలి. ముట్టుకున్నావా, అక్కడినుంచి దానికి జవాబు నీది. బావ ఏరి కోరి ఆ కంపెనీలో చేరింది ఈ ఒక్క మాట కోసం.

"మిగతాచోట్ల సరుకు పడితే కట్టినవాళ్లు డ్రైవర్ని చూపిస్తారు, డ్రైవరు కట్టినవాళ్లని చూపిస్తాడు. ఆఖరికి నోట్లో నాలుక లేనివాడి నెత్తిన రుద్దుతారు. ఇక్కడ ఆ గోల లేదు మరదలా, ఎవరిది వాళ్లదే" అని నాకు పదిసార్లు చెప్పాడు. చెట్టు కింద ప్లీడరులా ఆ నియమం తరఫున వాదించేవాడు.

తర్వాతి నెలలు నాకు చూడముచ్చటగా గడిచాయి. ఉన్నమాట చెప్పుకోవాలి. సరుకు ఎక్కించాక బండి చుట్టూ తిరిగి ప్రతి బెల్టునూ గుప్పిటతో కొట్టి చూసేవాడు. నా కొట్టు ముందునుంచి వెళ్తూ హారన్ కొట్టి, కిటికీలోంచి తల బయటపెట్టి, "పదిలం!" అని నాకే చెప్పి పోయేవాడు. కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషికి ఏం పదిలమో ఆయనకే తెలియాలి. వానల్లో, ఈదురుగాలుల్లో, ఇంత సరుకు కూడా ఆయన బల్ల మీదనుంచి జారలేదు. ఒకసారి పట్టాలు ఇవ్వడానికి యార్డుకు వెళ్తే మేస్త్రి నన్ను పిలిచి, "మీ బావ కట్టు చూశావా? విప్పమనడానికి నాకు సాకు దొరకడం లేదు" అన్నాడు. అలాంటి మనిషి నోట అలాంటి మాట వినడం ఇంకెవరికీ దక్కలేదని తర్వాత తెలిసింది. అక్క కూడా మెత్తబడింది. ఏడాది నిండగానే బావకు కొత్త చొక్కా కొనాలని గుడ్డ కూడా చూసి పెట్టుకుంది.

ఏడాది నిండటానికి ఇంకా కొన్ని వారాలున్నాయనగా ఆ మధ్యాహ్నం వచ్చింది.

బావ సరుకు దించి ఖాళీ బండితో తిరిగొస్తున్నాడు. దారిలో లారీలు ఆపుకొనే ఒక భోజనాల కొట్టు ఉంది. అక్కడ ఆగి దిగేసరికి తమ కంపెనీదే ఇంకో బండి కనిపించింది. మీద సిమెంటు గొట్టాలు. అది పొడుగాయన బండి. వయసులో బావకంటే చిన్నవాడే గానీ ఆ కంపెనీలో ఏళ్లనుంచీ ఉన్న డ్రైవరు. బండి వెనకాల బెల్టు ఒకటి వదులై గాలికి టపటపా కొట్టుకుంటోంది. కొట్టు లోపలికి తొంగి చూస్తే పొడుగాయన అటు తిరిగి అన్నం తింటున్నాడు.

నియమం ప్రకారం బావ లోపలికెళ్లి అతన్ని పిలవాలి. వెళ్లలేదు. బెల్టులు బిగించే రాడ్డు తీసుకొని, ఆ వెనక బెల్టును తన చేత్తో గట్టిగా బిగించి, గుప్పిటతో కొట్టి చూసి, చేతులు దులుపుకొని తన బండెక్కి వచ్చేశాడు. తిండి కూడా తినలేదు, ఆలస్యమైందని.

పొడుగాయన తిని వచ్చాడు. అతనికి తన బెల్టులు వదులయ్యాయని తెలుసు. తిన్నాక అన్నీ బిగించుకుందామనుకున్నాడట. వచ్చి చూస్తే వెనక బెల్టు రాయిలా ఉంది. మనవాళ్లెవరో అన్నీ చూసి వెళ్లారనుకొని, మిగతావాటి వంక కన్నెత్తి చూడకుండా బండి తీశాడు. ముందున్న మలుపులో గొట్టాలు పక్కకు దొర్లి రోడ్డున పడ్డాయి. పక్కనే టైర్లకు పంక్చర్లు వేసే పాక ఒకటి నుజ్జునుజ్జయింది. పాకాయన నీళ్లు తెచ్చుకోవడానికి వెళ్లబట్టి బతికిపోయాడు.

సాయంత్రానికి వార్త వీధంతా పాకింది. నేను అక్కవాళ్లింట్లోనే ఉన్నాను. బావ కుర్చీలో కూలబడి, "ఆ వెనక బెల్టు నేనే బిగించాను" అన్నాడు.

అక్క చేతిలోని గరిటె పొయ్యి మీదే వదిలేసి వచ్చింది. "ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే మీరూ చూడలేదనుకోండి."

"అది కాదే..."

"బావా, నీకు దణ్ణం పెడతాను" అన్నాను నేను. "రేపొక్కరోజు నోటికి తాళం వేసుకో. నువ్వేం చెడు చేశావు? వదులైనదాన్ని బిగించావు. తన బెల్టులు తను చూసుకోలేని మనిషి కోసం నీ ఏడాదిని బూడిదలో పోస్తావా?"

చిలక్కి చెప్పినట్టు చెప్పాం ఇద్దరం. ఆయన అన్నిటికీ తల ఊపాడు. తల ఊపే మనిషిని నమ్మకూడదని నాకప్పటికి తెలియదు.

మర్నాడు పొద్దున కావాలనే కుట్టిన పట్టాలు బండిలో వేసుకొని యార్డుకు వెళ్లాను. డ్రైవర్లందరినీ ఆ గోడ ముందే నిలబెట్టారు. పొడుగాయన చేతులు కట్టుకొని ఒక పక్కన ఉన్నాడు. మేస్త్రి అరవలేదు.

"ఆ వెనక బెల్టు మీద చివరి చెయ్యి ఎవరిది?"

"నాది కాదు" అన్నాడు పొడుగాయన. "తిని వచ్చేసరికి బిగించి ఉంది. అన్నీ చూశారనుకున్నా."

నేను బావ వంకే చూస్తూ పళ్లు బిగబట్టాను. వద్దు, వద్దు అని కళ్లతో చెప్పాను. ఆయన నావైపు చూడనే లేదు.

"నేనే, మేస్త్రిగారూ."

మేస్త్రి ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. ఈ పేరు కాకుండా ఇంకే పేరైనా రావాలని ఆయన కోరుకొని ఉంటాడు. "ఒక్కటే బిగించావా, అన్నీనా?"

"ఒక్కటేనండి. అదొక్కటే కంటబడింది."

"పిలవలేదేం?"

"తింటున్నాడండి. నోట్లో ముద్ద ఉన్నవాణ్ని లేపబుద్ధి కాలేదు."

ఎవరో కిసుక్కుమని నవ్వారు. మేస్త్రి అటు చూస్తే ఆగిపోయారు. "వదులు బెల్టు తన సంగతి తానే చెబుతుందయ్యా. అది కొట్టుకుంటూ ఉంటే వీడు చూసేవాడు, చూస్తే అన్నీ బిగించుకునేవాడు. నువ్వు దాని నోరు నొక్కేశావు."

"అవునండి."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలుసండి" అన్నాడు బావ. జేబులోంచి బండి తాళాలు తీసి మేస్త్రి చేతిలో పెట్టాడు. మేస్త్రి పుచ్చుకున్నాడు. గోడ మీద రాసినదాన్ని చెరిపే మొగవాడు ఆ యార్డులో లేడు. సరుకు బావది అయింది. బండి నడిపింది పొడుగాయన, వదిలేసింది పొడుగాయన, దొర్లించింది పొడుగాయన. మర్నాడు మళ్లీ బండెక్కింది కూడా పొడుగాయనే. వెళ్లిపోతున్న బావ భుజం మీద చెయ్యి వేసి, "ఏమనుకోకన్నా" అన్నాడట. ఏమనుకోవాలి?

ఆ తర్వాత బావ వీధిలో ఎక్కని గుమ్మం లేదు. మొదటి ఏడాదిలోనే సరుకు పడేసిన డ్రైవరు అని ఆయనకంటే ముందే కబురు వెళ్లి కూర్చునేది. తేనెనోటాయన దగ్గరికీ వెళ్లాడు. సార్ కాస్తా ఏమయ్యా అయింది. కుర్చీ చూపించలేదు. "నీ బండి కాదు, నీ సరుకు కాదు, ఎందుకు వేలు పెట్టావయ్యా?" అని అడిగాడట. బావ గుమ్మం దిగి వచ్చేశాడు. అక్క చూసి పెట్టుకున్న గుడ్డ ఎవరో కొనుక్కుపోయారు.

ఇప్పుడాయన నా కొట్టులోనే ఉంటున్నాడు. మందపాటి సూదితో పట్టాల అంచులు కుడతాడు. కుట్టు బాగా కుదిరింది, కుదరక ఏం చేస్తుంది? అలవాటైన చేతులు. హారన్ వినబడితే మొదట్లో తల ఎత్తేవాడు, తర్వాత మానేశాడు. నాకు జాలేస్తుంది గానీ బయటికి కసురుతూనే ఉంటాను. వేరేవాళ్ల వస్తువు మీద చెయ్యి వేయకు బావా, చూశావుగా ఏమైందో, అని పట్టా పట్టాకీ ఒకసారి చెబుతాను. అక్క ఇంట్లో అదే చెబుతుంది.

ఒకరోజు కొత్తగా లారీ పనిలోకి రావాలనుకుంటున్న ఒకాయన వచ్చాడు. మునుపు రొట్టెల బట్టీలో పనిచేశాడట, అందుకని రొట్టెలాయన అని పేరు పెట్టుకున్నాను. ఏ కంపెనీలో చేరితే మంచిదని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బావ, "వీధి చివర కంపెనీ. అక్కడ కట్టడం నేర్పుతారు" అన్నాడు.

అతను వెళ్లాక ఆగలేకపోయాను. "నిన్ను తరిమేసినవాళ్ల దగ్గరికి మళ్లీ మనుషుల్ని పంపుతున్నావా? సిగ్గు లేదూ?"

"తరమలేదు మరదలా. నా తప్పుకు నేను వచ్చేశాను. కంపెనీ మంచిదే."

"అంత మంచిదైతే నువ్వీ సూది పట్టుకొని కూర్చున్నావేం?"

బావ దారం నోటితో తెంపాడు.

రొట్టెలాయన అక్కడే చేరాడు. చేతులు పొక్కాయి, విప్పి కట్టి విప్పి కట్టి చివరికి బండెక్కాడు. మొన్న మిట్టమధ్యాహ్నం చిరిగిన పట్టా ఒకటి తెచ్చి నా ముందు పడేశాడు. కొట్టు ముందు బండి నిలబెట్టాడు, దాని మీద కలప దుంగలు. పట్టా ఎప్పటికి అవుతుందని అడిగి, బావకు నమస్కారం పెట్టి, ఏడాదిలో సగం గడిచిపోయింది పెద్దాయనా, మీ చలవే అని చెప్పి వెళ్లాడు.

బావ చేతిలో సూది ఆగింది. అది ఆగబట్టే నేనూ అటు చూశాను. బండి వెనకనుంచి రెండో బెల్టు వదులుగా జారి వేలాడుతోంది. రొట్టెలాయన అటువైపునుంచి ఎక్కుతున్నాడు, అది అతనికి కనబడదు. బావ దాన్ని చూశాడు. చూసింది నేను చూశాను. ఇక లేస్తాడు, లేచి అరుస్తాడు, పరుగెత్తి వెళ్తాడు అనుకున్నాను. కనీసం ఒక్క కేక. కేక వేయడం ఏ నియమానికీ విరుద్ధం కాదు.

ఆయన తల దించుకొని మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు.

"బావా, ఆ బెల్టు!"

"మన బండి కాదు మరదలా" అన్నాడు.

అది నా మాటే. నేను నేర్పిన మాటే, రోజూ నూరిపోసిన మాటే. బావ నోట అది వినేసరికి చెంప మీద కొట్టినట్టయింది. కాళ్ల మీదున్న పట్టా తోసేసి రోడ్డు మీదికి పరుగెత్తాను. "ఓ రొట్టెలాయనా! ఆగు! వెనక బెల్టు చూసుకో!" అని చేతులూపుతూ అరిచాను. ఇంజను చప్పుడులో అతనికి వినబడలేదు. అద్దంలో నా చేతులు చూసి, సాగనంపుతున్నాననుకున్నాడు కాబోలు, సరదాగా రెండుసార్లు హారన్ కొట్టి మలుపు తిరిగిపోయాడు.

రొప్పుతూ వెనక్కి వచ్చాను. బావ తల ఎత్తలేదు.

"దారం అయిపోయింది" అన్నాడు. "ఇంకో ఉండ ఇటివ్వు."